కారు సబ్‌వూఫర్‌ని హాల్లో హోమ్ థియేటర్‌కి పెడితే నడుస్తుందా? 12 అంగుళాలు, డ్యూయల్ కాయిల్

మియాపూర్_మధు:
అందరికీ నమస్తే. రెండేళ్ళ నుంచి ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. పాత కారు అమ్మేశా, కొనే ఆయన డిక్కీలో సబ్ వద్దు ప్లేస్ పోతుంది అన్నాడు, దాంతో 12 అంగుళాల సబ్ (బేస్ పలికించే పెద్ద స్పీకర్), దాని డబ్బా, దాన్ని నడిపే మోనో ఆంప్ (ఒకే ఛానెల్ యాంప్లిఫయర్) మూడూ ఇంటికొచ్చాయి. ఇంట్లో 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌కీ సౌండ్ పంచే పెట్టె) ఉంది కానీ దాంతో వచ్చిన సబ్ పోయి ఏడాది దాటింది. సరే ఇదెందుకు ఖాళీగా ఉండాలని పాత కంప్యూటర్ ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై పెట్టె) తీసి, గ్రీన్ వైరుని నల్ల వైరుకి కలిపి ఆన్ చేసి, పసుపు వైర్లు ఆంప్‌కి ఇచ్చి, ఆంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరుకి కూడా అదే 12 వోల్ట్లు ఇచ్చా. రిసీవర్ సబ్ అవుట్ నుంచి ఆంప్‌కి ఆర్‌సీఏ కేబుల్. పాడింది! కానీ రెండు బాధలు. సినిమాలో పేలుడు వచ్చినప్పుడల్లా ఎస్‌ఎమ్‌పీఎస్ టక్ మని ఆగిపోతోంది, మళ్ళీ స్విచ్ ఆపి వేస్తే గానీ రాదు. రెండోది, కారులో గుండెల్లో గుద్దినట్టు ఉండే సౌండ్ ఇక్కడ ఒకటే గుంయ్ గుంయ్ మంటోంది, ఏ పాటైనా ఒకే నోటు. సబ్ పాడైందా, నేనేమైనా తప్పు చేశానా? ఆంప్ మీద 1400 వాట్లు అని రాసుంది, సబ్ మీద కూడా అంతే.

సినిమా_పిచ్చి:
బ్రో ఎందుకీ తంటా. ఓఎల్ఎక్స్‌లో పెట్టి అమ్మేసి ఆ డబ్బులకి ఇంకొంచెం కలిపి ఒక 10 అంగుళాల పవర్డ్ సబ్ (ఆంప్ లోపలే ఉండేది) కొనేయ్. ప్లగ్ పెట్టు, కేబుల్ పెట్టు, అయిపోయింది. నేను కూడా ఇలాగే మొదలుపెట్టి ఆరు నెలలు, ప్లైవుడ్డు, వైర్లు, ఇంట్లో తిట్లు అన్నీ అయ్యాక చివరికి రెడీమేడే కొన్నా.

ఓమ్_నమః:
సినిమా పిచ్చి గారు చెప్పింది కొట్టిపారేసే మాట కాదు, కానీ మధు గారి దగ్గర డ్రైవర్ (అంటే డబ్బాలో ఉండే స్పీకర్) ఆల్రెడీ ఉంది కాబట్టి లెక్క వేరు. మధు గారూ, సబ్ పాడవలేదండి. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు కరెంటు సంగతి. స్టిక్కర్ మీద 1400 అనేది పీక్ (ఒక్క క్షణం తాకే) నంబరు, దాన్ని మర్చిపోండి. ఆర్‌ఎమ్‌ఎస్ (ఆగకుండా నడిచే పవర్) ఎంతో చూడండి, 350 ఉంటుందనుకుందాం. క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ అయితే 80 శాతం ఎఫిషియెన్సీ అనుకున్నా 350 బయటికి రావాలంటే లోపలికి 440 వాట్లు వెళ్ళాలి, 12 వోల్ట్ల దగ్గర అది 36, 37 ఆంపియర్లు. మీ పాత కంప్యూటర్ సప్లై స్టిక్కర్ చదవండి, 450 వాట్లు అని పెద్దగా రాసినా 12 వోల్ట్ల లైనుకి 16, 18 ఆంపియర్లే ఉంటాయి, మిగతాదంతా 5 వోల్ట్లకీ 3.3 కీ. పేలుడు రాగానే ఆంప్ ఒక్కసారిగా లాగుతుంది, అది ప్రొటెక్షన్‌లోకి పోతుంది. పోవాలి కూడా, పోకపోతే కాలేది.

ఇంకో సంగతి, కారులో ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ ఇచ్చేది 14.4 వోల్ట్ల దాకా. రెగ్యులేషన్ లేని ఆంప్‌లకి వోల్టేజీ 12 కి దిగితే పవర్ దాదాపు మూడో వంతు పోతుంది. అంటే బోలెడు ఖర్చుపెట్టి పెద్ద సప్లై కొన్నా కారులో వచ్చినంత రాదు.

రెండోది ఆ గుంయ్ గుంయ్. డబ్బాకి పోర్టు (గాలి వచ్చిపోయే గొట్టం) ఉందా? ఉంటే ఒక పని చేయండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి చిన్న వాల్యూమ్‌లో 60 హెర్ట్జ్ నుంచి కిందికి దిగుతూ రండి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కోన్ దాదాపు కదలకుండా ఉండి పోర్టులోంచి గాలి బాగా వస్తుందో అదే ఆ డబ్బా ట్యూనింగ్. ఎంతొచ్చిందో చెప్పండి. అలాగే స్పెక్ షీటులో ఎఫ్ఎస్ (డ్రైవర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో), వీఏఎస్ (కోన్ బిగువుకి సమానమైన గాలి, లీటర్లలో) అని మూడు నంబర్లుంటాయి, అవీ పెట్టండి.

కడప_కుర్రోడు:
మధన్నా కంప్యూటర్ సప్లై ఎందుకు, ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటాది కదా 150 ఏహెచ్ ది. దానికి డైరెక్ట్ ఇచ్చేయ్. మా సిన్నాయన కొడుకు వినాయక చవితి మండపంలో అట్లే పెట్టినాడు, వీధంతా అదిరిపోయింది. ఆంపియర్లకి కరువే లేదు.

ఓమ్_నమః:
మండపం ఆరుబయట తమ్ముడూ, హాలు కాదు. ఆంపియర్లకి కరువు లేదన్నదే భయం. లెడ్ యాసిడ్ బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు వదుల్తుంది, స్పానర్ అడ్డం పడితే వెల్డింగే. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, టీవీ వెనక తలుపులేసిన కప్‌బోర్డులో పెట్టే వస్తువు కాదది. ఎవరైనా పెట్టి తీరాలనుకుంటే గాలాడే చోట పెట్టండి, బ్యాటరీ ప్లస్ టెర్మినల్ పక్కనే, అడుగు లోపే, ఫ్యూజు వేయండి. నేను మాత్రం వద్దనే అంటా.

న్యూజెర్సీ_నాని:
మా బేస్‌మెంట్‌లో నాలుగు 15 అంగుళాల కారు సబ్బులు నడుస్తున్నాయి, నాలుగేళ్ళయింది. అన్నీ సీల్డ్ డబ్బాలు, అంటే పోర్టు లేకుండా పూర్తిగా మూసినవి. కాబట్టి కారు సబ్ ఇంట్లో పనికిరాదు అనేవాళ్ళ మాట నమ్మకండి. డ్రైవర్‌కి తను కారులో ఉందో హాల్లో ఉందో తెలీదు. స్టీరియో ఇంటెగ్రిటీ లాంటి కార్ ఆడియో కంపెనీలే ఇక్కడ హోమ్ థియేటర్ వాళ్ళకి 18 అంగుళాల డ్రైవర్లు అమ్ముతున్నాయి. తేడా అంతా డబ్బాలోనూ ఆంప్‌లోనూ ఉంది. నేనైతే కారు ఆంప్ జోలికే పోలేదు, స్టేజీ షోలకి వాడే బెరింజర్ ఎన్ఎక్స్ 3000డి పెట్టా, డీఎస్‌పీ (సౌండ్‌ని సరిదిద్దే చిప్) లోపలే ఉంటుంది కాబట్టి ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుండాలో సర్దడం) కూడా దాంట్లోనే. ఫ్యాన్ సౌండ్ మాత్రం గోల, పక్క గదిలో పెట్టాల్సొచ్చింది.

మియాపూర్_మధు:
ఓమ్ గారూ చాలా థాంక్సండి. టోన్ టెస్ట్ చేశా, 46 దగ్గర కోన్ ఆగిపోయింది, పోర్టు ముందు కొవ్వొత్తి పెడితే ఆరిపోయింది :) ఇంకా కిందికి 30 కి వెళ్తే కోన్ పిచ్చిగా ముందుకీ వెనక్కీ ఊగుతోంది గానీ సౌండ్ లేదు, భయమేసి ఆపేశా. డబ్బా కారు డెకార్ షాపు వాడు చేసిందే, లోపల 35 లీటర్లు ఉంటుందేమో. స్పెక్ షీటు: ఎఫ్ఎస్ 30, క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 50 లీటర్లు, ఆర్‌ఎమ్‌ఎస్ 350, రెండు కాయిళ్ళు, ఒక్కోటి 4 ఓమ్‌లు.

ఓమ్_నమః:
మంచి పని చేశారు ఆపేసి. ట్యూనింగ్ కిందికి వెళ్తే పోర్టు ఉన్న డబ్బాలో కోన్‌ని పట్టుకునే గాలి స్ప్రింగు ఉండదు, డ్రైవర్ గాల్లో వేలాడుతున్నట్టే. సినిమా ట్రాకులో 25, 30 హెర్ట్జ్ మామూలు, ఇలాగే వదిలేస్తే ఒకరోజు కాయిల్ అడుక్కి కొట్టుకుని పోయేది.

కారులో ఎందుకు బాగుందంటే, కారు లోపల పొడవు రెండున్నర మీటర్లు అనుకోండి. ధ్వని వేగం 343 ని ఆ పొడవుకి రెట్టింపుతో భాగిస్తే 68 వస్తుంది. ఆ 68 హెర్ట్జ్ నుంచి కిందికి వెళ్ళేకొద్దీ కారు మొత్తం ఒక మూసిన డబ్బాలా పనిచేసి బేస్‌ని ఎత్తుతుంది, పుస్తకం లెక్కలో ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 12 డెసిబెల్స్. షాపు వాడు 46 కి ట్యూన్ చేసి, పైన గట్టిగా కొట్టేలా చేసి, కింద సంగతి కారుకే వదిలేశాడు. మీ హాలు 15 అడుగులు అనుకుంటే ఆ సాయం 37, 38 దగ్గర గానీ మొదలవదు, అదీ తలుపులు మూసుంటే. అందుకే 46 దగ్గర ఒక గుట్ట, దాని కింద పల్లం. మీరు వినే గుంయ్ అదే.

మీ డ్రైవర్ నంబర్లకి సీల్డ్ డబ్బా చక్కగా కుదురుతుంది. 50 లీటర్లు నికరంగా ఇస్తే వీఏఎస్ బై వీబీ (డబ్బా లోపలి లీటర్లు) 1, దానికి 1 కలిపి వర్గమూలం తీస్తే 1.414, ఇంటూ 0.5 అంటే క్యూటీసీ (డబ్బాలో పెట్టాక వచ్చే క్యూ) 0.707. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే. డబ్బాలో రెజొనెన్స్ 30 ఇంటూ 1.414, 42 హెర్ట్జ్. 42 అంటే ఎక్కువ కదా అనుకోకండి, సీల్డ్ డబ్బాలో బేస్ కిందికి నెమ్మదిగా పడుతుంది, మీ గది ఎత్తడం మొదలుపెట్టేదీ అక్కడే, రెండూ ఒకదాన్నొకటి కొంత పూడ్చుకుంటాయి. సిమెంటు స్లాబు, ఇటుక గోడలు ఉన్న మన ఇళ్ళలో ఇది బాగా పనిచేస్తుంది, నాని గారి దేశంలో జిప్సం బోర్డు గోడల్లోంచి సగం బయటికి పోతుంది.

న్యూజెర్సీ_నాని:
మా బేస్‌మెంటు కాంక్రీటే అండీ :) కానీ పై అంతస్తు విషయంలో మీరు చెప్పింది నిజం.

వరంగల్_వడ్రంగి:
డబ్బా ముచ్చట వచ్చింది కాబట్టి జర నేను చెప్తా, నా పనే ఇది. 18 ఎంఎం ప్లైవుడ్ తీస్కో తమ్మీ, ఎండీఎఫ్ మస్తు బరువుంటది సౌండ్‌కి మంచిదే గానీ ఇల్లు కడిగేటప్పుడు ఒక్కపాలి కింద తడి తగిలిందంటే బిస్కెట్ లెక్క ఉబ్బుతది. లోపలి కొలత 36, 36, 42 సెంటీమీటర్లు పెట్టు, 54 లీటర్లు అయితది, స్పీకర్ మాగ్నెట్టు, నడుమ కొట్టే అడ్డ పట్టీ పోంగ 50 మిగుల్తది. 8 బై 4 షీటు మొత్తం కొనకు, సగం గూడ వట్టది, కటింగ్ మిషన్ ఉన్న ప్లైవుడ్ షాపుల కొలతలు రాసిస్తే వాళ్ళే కోసిస్తరు. ఇంట్ల చెయ్యి రంపంతోని కోసినవనుకో మూలలు కలువయి, గాలి లీకైతది, అప్పుడు సీల్డ్ అనేదానికి అర్థమే లేదు.

మూలలకు ఫెవికాల్ పెట్టి స్క్రూలు బిగించి ఒక రాత్రి వదిలెయ్యి. పొద్దున లోపల్నుంచి మూలలన్నిటికి ఫెవికాల్ల రంపపు పొట్టు కలిపి పూసెయ్యి, ఏ సందుగూడ మిగలది. స్పీకర్‌ను చెక్క స్క్రూలతోని బిగించకు, నాలుగుసార్లు ఇప్పితే పట్టు పోతది. వెనక నుంచి టీ నట్లు కొట్టి బోల్టు పెట్టు. స్పీకర్ అంచు కింద తలుపులకు అతికించే ఫోమ్ టేపు ఏస్తే సరిపాయె.

గోదారి_గట్టు:
వడ్రంగి గారూ లోపల దూది వేయాలా వద్దా? నేను బూరుగు దూది వేశానండి, ఇంట్లో పాత పరుపు విప్పితే బోల్డంత వచ్చింది. నెలకి మొత్తం అడుగున ముద్దైపోయి కూర్చుంది.

ఓమ్_నమః:
బూరుగు దూది వద్దండి. దిండ్లలో వేసే పాలిస్టర్ ఫైబర్ దొరుకుతుంది, అది విడివిడిగా చేసి వదులుగా నింపాలి, కుక్కకూడదు. దానివల్ల డబ్బా 10 శాతం పైన పెద్దదైనట్టు నడుస్తుంది, అంతే. అద్భుతాలేం జరగవు.

మియాపూర్_మధు:
ఇంత చెప్పినందుకు మీ అందరికీ ఏమిచ్చి ఋణం తీర్చుకోను. ఇప్పుడు ఆంప్ సంగతి. 12 వోల్ట్ల 30 ఆంపియర్ల జాలీ సప్లై, ఎల్ఈడీ బోర్డులకి వాడేది, దాంతో ఈ ఆంపే నడిపించమంటారా? లేక వేరేదా? అలాగే కాయిళ్ళు సిరీసా ప్యారలలా?

ఓమ్_నమః:
నడుస్తుంది. 360 వాట్లు ఇస్తుంది, టెర్మినల్స్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే 13 వోల్ట్ల దాకా పెరుగుతుంది. కానీ 230 వోల్ట్లని 12 కి దించి, ఆంప్ లోపల మళ్ళీ దాన్ని పైకెత్తి... ఈ తిప్పలన్నీ కారులో వేరే దారి లేక పడేవి. గోడలో 230 వోల్ట్ల ప్లగ్గు పెట్టుకుని మనమెందుకు పడాలి?

నేనైతే ఇలా చేస్తా. టీపీఏ 3255 అనే చిప్‌తో స్టీరియో క్లాస్ డి బోర్డులు దొరుకుతాయి, కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి చూడండి, లేకపోతే ఆన్‌లైన్. దానికి 36 వోల్ట్ల 10 ఆంపియర్ల సప్లై. సిరీస్ పెడితే 8 ఓమ్‌లు, పవర్ సగమైపోతుంది. ప్యారలల్ పెడితే 2 ఓమ్‌లు, మామూలు స్టీరియో బోర్డు ఒక్క ఛానెల్ దాన్ని మోయలేదు. కాబట్టి రెండూ వద్దు. ఎడమ ఛానెల్‌ని ఒక కాయిల్‌కి, కుడి ఛానెల్‌ని రెండో కాయిల్‌కి ఇచ్చేయండి, ఒక్కో ఛానెల్‌కి 4 ఓమ్‌లే కనిపిస్తాయి. సబ్ అవుట్‌కి వై కేబుల్ వేసి రెండు ఇన్‌పుట్లకీ అదే సిగ్నల్. ఒక్కో కాయిల్‌కి 130 వాట్లు శుభ్రంగా వస్తాయి, మొత్తం 260. హాలుకి అది చాలండి, నిజంగా చాలు.

ఒక్క జాగ్రత్త. రెండు కాయిళ్ళ ప్లస్ మైనస్ ఒకే వరసలో ఉండాలి, ఒకటి తిరగబడితే రెండూ కొట్టుకుని సౌండే రాదు, పైగా వేడి. పెన్సిల్ సెల్ ఒకటి తీసుకుని ప్లస్‌కి ప్లస్ ఆనించండి, కోన్ ముందుకి రావాలి. రెండు కాయిళ్ళకీ విడివిడిగా చూసుకోండి. ఆ సప్లైల మీద 230 వోల్ట్ల స్క్రూలు బయటికే ఉంటాయి, ఇంట్లో పిల్లలుంటే డబ్బాలో మూయకుండా కరెంటు ఇవ్వొద్దు.

కడప_కుర్రోడు:
260 వాట్లు అంటే సప్పగా లేదా సామీ? 350 ఆర్‌ఎమ్‌ఎస్ సబ్ కదా.

ఓమ్_నమః:
350 కీ 260 కీ తేడా ఒకటిన్నర డెసిబెల్ కూడా లేదు తమ్ముడూ, చెవికి అందడమే కష్టం. అసలు అడ్డంకి వాట్లు కాదు, కోన్ ఎంత గాలి తోస్తుందన్నది. 12 అంగుళాల కోన్ ఒకటి, ముందుకి సెంటీమీటరు వెనక్కి సెంటీమీటరు కదుల్తుందనుకో. నేల మీద పెట్టి మీటరు దూరంలో చూస్తే 40 హెర్ట్జ్ దగ్గర 106 డెసిబెల్స్ దాకా ఇవ్వగలదు. అదే 20 హెర్ట్జ్ దగ్గర 94 దగ్గరే ఆగిపోతుంది. ఒక ఆక్టేవ్ దిగి అంతే సౌండ్ కావాలంటే నాలుగు రెట్లు గాలి తోయాలి. నువ్వు పది ఇన్వర్టర్ బ్యాటరీలు తెచ్చినా అది మారదు. నాని గారు నాలుగు 15 లు పెట్టింది అందుకే.

సినిమా_పిచ్చి:
చూశారా నేను చెప్పలే, ఇప్పుడు ఆంప్ కూడా కొత్తదే, డబ్బా కొత్తదే, మిగిలింది డ్రైవర్ ఒక్కటే. ఇంక పాతది వాడుకోవడం ఎక్కడుంది ఇందులో?

గోదారి_గట్టు:
ఆ డ్రైవరే కదండీ ఖరీదైన ముక్క. కాకపోతే మీరన్నది సగం ఒప్పుకుంటా, ఎవరైనా దీనికోసమే కొత్తగా కారు సబ్ కొంటామంటే వద్దనే చెప్తా. బెజవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ చూస్తే మాత్రం కోన్ చుట్టూ ఉండే రింగు రబ్బరా ఫోమా అని వేలితో నొక్కి చూడండి. మా వైపు గాలి తేమకి ఫోమైతే ముట్టుకుంటే పొడి అవుతుంది, నేనొకటి అలా తెచ్చి వారం తిరక్కుండా పారేశా.

మియాపూర్_మధు:
ఐదు వారాల తర్వాత వస్తున్నా, మధ్యలో ఆఫీసు, అమ్మా నాన్నా ఊరి నుంచి రావడం, అన్నీ. డబ్బా వడ్రంగి అన్న చెప్పిన కొలతలకే ప్లైవుడ్ షాపులో కోయించా, బోర్డు, సప్లై, ప్లైవుడ్డు, నట్లు బోల్టులు అన్నీ కలిపి 11 వేలు దాటింది. మొదటిరోజు ఆన్ చేయగానే గుర్ర్ర్ మని హమ్మింగ్, గుండె జారింది. సెట్‌టాప్ బాక్స్ కేబుల్ పీకితే ఆగిపోయింది. నెట్‌లో ఎవరో ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయమన్నారు, తీసేద్దునా అని కూడా అనుకున్నా.

ఓమ్_నమః:
ఎర్త్ పిన్ను మాత్రం ముట్టుకోకండి!! దాన్ని తీసేసి హమ్ పోగొట్టుకున్నవాడికి ఒకరోజు రిసీవర్ బాడీయే షాక్ కొడుతుంది. టీవీ, రిసీవర్, సబ్ మూడూ ఒకే స్విచ్ బోర్డు నుంచి ఇవ్వండి, అప్పటికీ ఉంటే ఆర్‌సీఏ లైనులో చిన్న ఐసొలేటర్ (రెండు పెట్టెల ఎర్త్ ఆ కేబుల్ గుండా కలవకుండా ఆపేది) వేయండి. బేస్ బాగా దాటించేది చూసి తీసుకోండి, మరీ చౌకవి 40 కిందంతా మింగేస్తాయి.

మియాపూర్_మధు:
లేదండి తీయలేదు, ఒకే ఎక్స్‌టెన్షన్‌కి అన్నీ పెట్టేసరికి పోయింది. సబ్ ఎక్కడ పెట్టాలన్నదానికి నాని గారు ప్రైవేటుగా చెప్పిన పని చేశా, సబ్‌ని తీసుకెళ్ళి సోఫాలో నేను కూర్చునే చోట ఎక్కించి, నేను గది గోడల పొడుగునా మోకాళ్ళ మీద పాకుతూ ఎక్కడ బేస్ సమంగా వినిపిస్తుందో వెతికా. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి ఏమైందిరా నీకు అంది. టీవీ పక్క మూల బాగుంటుందనుకున్నా, కాదు, బాల్కనీ తలుపు పక్కన బాగుంది. రిసీవర్‌లో స్పీకర్లన్నీ స్మాల్, క్రాసోవర్ 80, అంటే 80 హెర్ట్జ్ కిందంతా సబ్‌కే.

మైక్ పెట్టి ఆర్‌ఈడబ్ల్యూ అనే గది సౌండ్ కొలిచే సాఫ్ట్‌వేర్‌లో కొలిస్తే సోఫా దగ్గర 26, 27 దాకా గట్టిగానే ఉంది, 38 దగ్గర ఒక గుట్ట ఉంది, ఓమ్ గారు చెప్పిన 15 అడుగుల లెక్కే అనుకుంటా. రిసీవర్ ఆటో సెటప్ దాన్ని చాలావరకు కోసేసింది. ఆ గుంయ్ పోయింది. డప్పు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వినిపిస్తోంది, కారులో కూడా ఇలా వినలేదు నేను. కొత్త గోల ఏంటంటే వంటింటి సజ్జ మీద స్టీలు గిన్నెలు, దేవుడి పటాలు, ట్యూబ్‌లైటు పట్టీ అన్నీ పాడుతున్నాయి. గిన్నెల మధ్య పాత తువ్వాళ్ళు పెట్టాం.

వరంగల్_వడ్రంగి:
మస్తు చేసినవ్ తమ్మీ. కింది ఫ్లాటోళ్ళు ఏమంటున్నరు?

మియాపూర్_మధు:
రెండోరోజే వాచ్‌మన్‌తో కబురొచ్చింది అన్నా. డబ్బా కింద జిమ్ములో వేసే రబ్బరు మ్యాట్ వేశా, మా నేల మీద గడగడ తగ్గింది గానీ కిందికి వెళ్ళేది వెళ్తూనే ఉంది. రాత్రి తొమ్మిది దాటితే సబ్ లెవెల్ 8 డెసిబెల్స్ తగ్గిస్తానని మాటిచ్చి వచ్చా, రిమోట్‌లో ఒక బటన్‌కి పెట్టుకున్నా.

ఇంకొకటి. ఆ మోనో ఆంప్ ఖాళీగానే ఉంది, ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, మంచి కండిషన్. కారులో పెట్టుకునేవాళ్ళకే ఇస్తా.

కడప_కుర్రోడు:
నాకియ్యి మధన్నా, మా ఇన్వర్టర్ కాడ...

మియాపూర్_మధు:
నీకు తప్ప.